మూడు సెకన్ల బొమ్మ నుంచి నాలుగు గంటల బొమ్మ దాకా: ఒక బ్యానర్ ఆర్టిస్ట్ కేసు

నేను పెయింటింగ్ నేర్పడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళయింది, ఎక్కువగా పెద్దవాళ్ళకే, అంటే ఉద్యోగం చేసుకుంటూనో రిటైరయ్యాకో బ్రష్ పట్టుకునేవాళ్ళకి. ఇన్నేళ్ళలో నా పాఠం చెప్పే పద్ధతినే మార్చేసిన స్టూడెంట్ ఎవరంటే ఈ పెద్దాయనే. ఆయన సరే అన్నాకే రాస్తున్నా. పేరు, ఊరు, ఆసుపత్రి వివరాలు తీసేశా, ఒకట్రెండు చిన్న సంగతులు మార్చా కూడా. గోదావరి ఒడ్డున ఒక టౌన్ అనుకోండి చాలు. బోర్డులు, బ్యానర్లు వేసి వేసి ఆ తర్వాత ల్యాండ్‌స్కేప్ వైపు వచ్చేవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు, వాళ్ళకి నేర్పేవాళ్ళకి పనికొస్తుందని నేను తప్పు చేసిన చోట్లతో సహా రాస్తున్నా.

నేపథ్యం

ఆయన వయసు యాభై ఎనిమిది. పదమూడో ఏట సినిమా బ్యానర్లు వేసే షెడ్డులో చేరారు. మొదట్లో బ్రష్షులు కడగడం, పొడి రంగులు లిన్సీడ్ ఆయిల్‌లో కలపడం, గుడ్డకి గ్రౌండ్ (రంగు పట్టడానికి ముందు పూసే పూత) వేయడం, తర్వాత కొన్నేళ్ళు ఒట్టి బ్యాక్‌గ్రౌండ్లు మాత్రమే. ఫొటో మీద గళ్ళు గీసి అవే గళ్ళు పెద్ద గుడ్డ మీద కట్టి బొమ్మ ఎత్తడం ఆ తర్వాత వచ్చింది, హీరో మొహం మాత్రం ఎనిమిదేళ్ళ దాకా ముట్టుకోనివ్వలేదట. ఇరవై అడుగుల మొహాన్ని గుడ్డకి మూడడుగుల దూరంలో నిలబడి వేస్తూ అది రోడ్డు అవతలి నుంచి ఎలా కనపడుతుందో మనసులోనే చూసుకోగలగడం మామూలు విద్య కాదు, నాకు రాదు. చెంప మీద ఒక పక్క గులాబీ, ఇంకో పక్క ఆకుపచ్చ పడేసినా దూరానికి అది మొహంలాగే కనపడేది.

ఫ్లెక్స్ మెషీన్లు వచ్చాక ఆ పని పోయింది. షాపు షట్టర్లు, స్కూలు గోడలు, గుడి మండపాల్లో దేవుడి బొమ్మలు, ఎన్నికలప్పుడు గోడ రాతలు, ఏది దొరికితే అది చేసుకుంటూ వచ్చారు. నా దగ్గరికి ఆయన్ని పంపింది ఆయన కూతురే, నాన్నకి సొంతంగా ఒక బొమ్మ వేసుకోవాలని ఉంది, అడగడానికి మొహమాటపడుతున్నారు అని.

వచ్చిన సమస్య

ఆయన వచ్చేటప్పటికే చేతిలో ఒక ఆర్డర్ ఉంది. ఒక ఆసుపత్రి డయాలసిస్ గదిలో, మంచాలకి ఎదురు గోడ మీద, ఆరడుగులు బై మూడడుగులు, ప్రశాంతంగా ఉండే ప్రకృతి దృశ్యం. అక్కడి డాక్టరు గారికి ఈ విషయం మీద నిజమైన పట్టింపు ఉంది. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే ఆయన రాసిన పరిశోధన పేపర్ గురించి చెప్పారట, గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినవాళ్ళలో కిటికీలోంచి చెట్లు కనపడినవాళ్ళు, ఇటుక గోడ కనపడినవాళ్ళ కంటే త్వరగా డిశ్చార్జ్ అయ్యారు, బలమైన నొప్పి మందులు తక్కువ తీసుకున్నారు అని. మా గదికి కిటికీ ఒక మూలే ఉంది, మిగతావాళ్ళకి మీ బొమ్మే కిటికీ అన్నారట. ఆ మాట పెద్దాయన మనసులో బాగా నాటుకుపోయింది.

మొదటి బొమ్మ నన్ను అడక్కుండానే వేసేశారు. పాపికొండల లాంటి కొండలు, మధ్యలో జలపాతం, కింద నది, రెండు పడవలు, ఒడ్డున గుడిసె, కొబ్బరిచెట్లు, ఎగిరే కొంగలు, అన్నిటికీ మించి సరిగ్గా నడిమధ్యన నారింజ రంగు సూర్యుడు. పనితనం గొప్పగా ఉంది, ఆకు ఆకూ వేశారు. తీసుకెళ్ళి తగిలించారు. రెండు వారాల్లో దాన్ని దించేయమని పేషెంట్లే అడిగారు.

ఎందుకని డాక్టరు గారి అనుమతితో వెళ్ళి కొందరితో మాట్లాడాం. ఒకావిడ, ఆ సూర్యుడు నన్నే చూస్తున్నట్టుంటాడు బాబూ, ఎటు తిరిగినా కళ్ళు అక్కడికే పోతాయి అంది. ఇంకొకాయన చెప్పింది మాత్రం మేమిద్దరం కలలో కూడా ఊహించలేదు. అటు చూస్తుంటే దాహం వేస్తోందండీ అన్నాడు. డయాలసిస్‌లో ఉన్న చాలామందికి రోజుకి తాగే నీళ్ళకి లెక్క ఉంటుంది, గ్లాసులు లెక్కపెట్టుకుని తాగాలి. అలాంటి మనిషికి ఎదురుగా ఆరడుగుల జలపాతం పెట్టాం. పెద్దాయన మెట్లు దిగుతూ ఒక్క మాట మాట్లాడలేదు, కింద బండి స్టాండు దగ్గర ఆగి, మాస్టారూ, నేను దాన్ని కళ్ళు చల్లబడాలనే వేశానండి అన్నారు. ఆ రోజే నేను ఈ కేసు సీరియస్‌గా తీసుకున్నా.

ఏం ప్రయత్నించాం, ఏం పనిచేయలేదు

నా మొదటి ఆలోచన చాలామంది టీచర్లకి వచ్చేదే. రంగులు ఎక్కువైపోయాయి, తగ్గిద్దాం. పాలెట్‌లోంచి ఎరుపులు, ఆరెంజ్, కొట్టొచ్చే ఆకుపచ్చ తీసేసి అల్ట్రామెరైన్ (ముదురు నీలం), బర్న్ట్ సియెనా (ఎర్రమట్టి గోధుమ), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), టైటానియం వైట్ నాలుగే ఇచ్చా. ఈ అల్ట్రామెరైన్‌నీ బర్న్ట్ సియెనానీ కలిపితే మంచి బూడిద రంగులు వస్తాయి, పాళ్ళు మార్చి చల్లగానూ చేసుకోవచ్చు, వెచ్చగానూ చేసుకోవచ్చు, అందుకే ఆ జత ఎంచుకున్నా. లెక్క ప్రకారం బాగానే ఉంది. వచ్చిన బొమ్మ మాత్రం జబ్బు చేసినట్టుంది. చిన్న సైజు నమూనా ఒకటి నర్సమ్మకి చూపిస్తే, గోడకి తేమ పట్టినట్టుందండీ అంది. నిజమే. రంగు తీసేశాం కానీ గీతలన్నీ అలాగే ఉన్నాయి, ప్రతి ఆకుకీ నల్లటి అంచు, ప్రతి అలకీ తెల్లటి మెరుపు. ఆయన చేతికి ఔట్‌లైన్ అలవాటు, అది ఎముకల్లో ఉంది. రంగు తగ్గించినంత మాత్రాన గొడవ తగ్గదని నాకు అప్పుడైనా అర్థం కావాల్సింది, కాలేదు.

రెండోది బయటికి తీసుకెళ్ళడం. ఊహించి వేస్తున్నారు కాబట్టి ఇలా వస్తోంది, నిజంగా గోదారి గట్టు మీద కూర్చుంటే మారుతుంది అనుకున్నా. మే నెల. తీసుకెళ్ళడానికి తేలికని అక్రిలిక్ రంగులు ఇచ్చా, ఆ ఎండలో పాలెట్ మీదే తోలు కట్టేవి, ఆకాశంలో ఒక రంగులోంచి ఇంకో రంగులోకి జారుద్దామంటే బ్రష్ తిరిగొచ్చేలోపే ఆరిపోయేది, పట్టీలు పట్టీలుగా మిగిలేది. అంతకంటే పెద్ద ఇబ్బంది ఏంటంటే ఎదురుగా ఉన్నవన్నీ వేసేయాలనే తపన. రేవు మెట్లు, బట్టలు ఉతికేవాళ్ళు, పంటు (నది దాటించే పెద్ద పడవ), దాని మీద మోటారుసైకిళ్ళు, అవతల లంకలో అరటితోటలు, ఏదీ వదలరు. ఆకాశం ఖాళీగా వదిలేస్తే డబ్బులిచ్చినాయన ఏమనుకుంటాడండీ, పని ఎగ్గొట్టామనుకోడూ అని అడిగారు. ఆ ప్రశ్న అమాయకత్వంతో అడిగింది కాదు. చదరపు అడుగు లెక్కన కూలి తీసుకున్న మనిషికి ప్రతి అంగుళమూ పని చేసినట్టు కనపడాలి. ఖాళీ అంటే ఆయనకి మోసం.

మూడోది, మంచి బొమ్మలు చూపించడం. జూలైలో రాజమండ్రి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళా. 1897లో పుట్టి 1925లోనే, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయిన చిత్రకారుడు అంత పని వదిలి వెళ్ళాడంటే ఎప్పుడు వెళ్ళినా నాకు గుండె పట్టేసినట్టవుతుంది. పెద్దాయన అక్కడ రెండు గంటలు కదల్లేదు. ఇంటికొచ్చి ఆ లాలిత్యం తన బొమ్మలోకి తేవాలని కూర్చున్నారు, వచ్చింది మాత్రం పైపై పోలికే. సన్నగా వంపు తిరిగిన గీత వచ్చింది, దాని కింద అదే హడావిడి. తప్పు నాదే, ఏం చూడాలో చెప్పకుండా చూడమన్నా.

ఈ మధ్యలో ఎవరో చెబితే పొద్దున్నే ధ్యానం చేసి కూడా బొమ్మకి కూర్చున్నారు కొన్నాళ్ళు. మనిషికి మంచిదే, బొమ్మకి ఏమీ కాలేదు. వేసేవాడి మనసు ప్రశాంతంగా ఉంటే బొమ్మ ప్రశాంతంగా వస్తుందని మనవాళ్ళు అంటుంటారు, నేను ఈ కేసులో దానికి రుజువు చూడలేదు. ఆయన మొదటి సూర్యుణ్ణి వేసినప్పుడు కూడా చాలా ప్రశాంతంగానే ఉన్నారట, రేడియో వింటూ వేశారు.

పని కుదరడం మొదలైన చోటు

ఆగస్టులో నేను బొమ్మ గురించి ఆలోచించడం ఆపి చూసేవాళ్ళ గురించి ఆలోచించా. డాక్టరు గారిని అడిగి ఒక ఆదివారం మంచాలు ఖాళీగా ఉన్నప్పుడు పెద్దాయన్ని ఒక బెడ్ మీద పడుకోబెట్టా. గంటసేపు అలా ఎదురు గోడ చూడండి బాబాయ్ గారూ అని చెప్పి బయటికొచ్చేశా. గంట తర్వాత ఆయన చెప్పినవి నోట్‌బుక్‌లో రాసుకున్నా. తల కొంచెం ఎత్తులో ఉంటుంది, కళ్ళు గోడకి పైభాగంలోనే ఆగుతాయి, కింద ఏం వేసినా ఎదురు స్టాండు అడ్డం. ట్యూబ్‌లైట్ వెలుగు చల్లగా ఉంది, అందులో నీలం ఇంకా నీలంగా, కొంచెం శవం రంగులా ఉంటుంది. మెషీన్ చప్పుడు ఆగదు. చెయ్యి కదపకూడదు. ఆఖరికి అన్నారు, మాస్టారూ, మా బ్యానరు బస్సులో పోయేవాడు మూడు సెకన్లు చూసేవాడండి, ఆ మూడు సెకన్లలో వాణ్ణి పట్టుకుని లాగాలి, వీళ్ళు నాలుగు గంటలు చూస్తారు, వారానికి మూడుసార్లు చూసేవాళ్ళున్నారు, నాలుగు గంటలు లాగితే మనిషి ఏమైపోతాడండీ.

అక్కడి నుంచి మా ప్రశ్న మారింది. అప్పటిదాకా ఏది వేస్తే ప్రశాంతంగా ఉంటుంది అని వెతుకుతున్నాం. ఇప్పుడు బొమ్మలో కంటిని లాగేది ఏది, దాన్ని ఎంత తగ్గించాలి అని వెతకడం మొదలైంది. కంటిని లాగేవాటిలో మొదటిది రంగు కాదు, వెలుగు చీకట్ల తేడా. నల్లదాని పక్కన తెల్లది ఉంటే కన్ను అక్కడికి పోయి తీరుతుంది. రెండోది పదునైన అంచు.

ఇది కంటికి చూపించడానికి ఒక చిన్న పద్ధతి వాడా. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లాండులో దృశ్యాలు చూడ్డానికి తిరిగేవాళ్ళు క్లాడ్ గ్లాస్ అని ఒక నల్లటి అద్దం జేబులో పెట్టుకునేవారు, దృశ్యానికి వీపు పెట్టి నిలబడి ఆ అద్దంలో చూసేవారు, వివరాలు పోయి వెలుగు చీకట్ల పెద్ద ముక్కలు మాత్రం మిగిలేవి. మనకి అది కొనక్కర్లేదు, ఆఫ్ చేసిన ఫోన్ స్క్రీన్ చాలు. గట్టు మీద నదికి వీపు పెట్టి, ఆరిన ఫోన్‌ని భుజం ఎత్తులో పట్టుకుని చూడమన్నా. ఆయన చాలాసేపు చూసి, అవతలి ఒడ్డు మొత్తం ఒకటే ముక్కండి, ఆకాశం నీళ్ళు దాదాపు ఒకటేనండి అన్నారు. నలభై ఏళ్ళుగా ఆ అవతలి ఒడ్డుని ఆయన చెట్టు చెట్టుగానే చూశారు. (కెమెరాలో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీస్తే సరిపోదా అని అడుగుతారు, ఫోన్ కెమెరా తనంతట తనే వెలుగు చీకట్ల తేడాలు మార్చేస్తుంది, నేను వద్దంటా.)

తర్వాత పెన్సిల్‌తో చిన్న చిన్న నమూనాలు వేయమంటే మళ్ళీ షేడింగ్‌లో మునిగిపోయారు. సరే అని పెన్సిల్ తీసేసుకుని మూడు డబ్బాల్లో గోడ రంగు కలిపించా, లేత బూడిద, మధ్య బూడిద, కొంచెం ముదురు బూడిద. రెండంగుళాల బ్రష్, పాత అట్టలు, ఒక్కోటి ఐదు నిమిషాలు, అంతే. డబ్బా, వెడల్పు బ్రష్, అట్ట, ఇవన్నీ ఆయన సొంత సామాను కదా, చెయ్యి వెంటనే తేలికపడింది. నెలలో తొంభై పైన అట్టలు నింపారు. తెలుపు పది, నలుపు ఒకటి అని లెక్కేసుకుంటే మొత్తం బొమ్మ ఐదుకీ తొమ్మిదికీ మధ్యే ఉండాలని ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. దాంతో బొమ్మ అరవడం ఆగింది. కానీ ప్రాణం లేదు. మూడు బూడిద ముక్కలు అంటించినట్టు బిగుసుకుపోయి ఉన్నాయి, నిశ్శబ్దంగా ఉన్నాయి తప్ప ఊపిరి లేదు. నిజం చెప్పాలంటే ఈ దశలో నేను డాక్టరు గారికి ఫోన్ చేసి ఆర్డర్ ఇంకెవరికైనా ఇవ్వమందామా అని కూడా ఆలోచించా.

హరికథ తెర

దసరాల ముందు ఒకరోజు ఆయన క్లాసుకి రాలేదు. గుడిలో నవరాత్రులకి హరికథ స్టేజీ వెనక తెర వేస్తున్నారని తెలిసి నేనే అటు వెళ్ళా. మండపం నేల మీద ఇరవై అడుగుల గుడ్డ పరిచి ఉంది. ఆయన లుంగీ ఎగ్గట్టి, ఆరంగుళాల బ్రష్ పట్టుకుని ఆకాశం వేస్తున్నారు. పైన ముదురు నీలం, కిందికి వచ్చేకొద్దీ పలచబడి, ఎక్కడా గీత లేకుండా, ఎక్కడ మారిందో తెలీకుండా లేత వంగపండు రంగులోకి, అక్కడి నుంచి మీగడ రంగులోకి. పచ్చిగా ఉండగానే పొడి బ్రష్‌తో అడ్డంగా ఒక్క లాగు, మళ్ళీ కొంచెం కింద ఒక్క లాగు, ఇలా వెనక్కి నడుస్తూ. పావుగంటలో అయిపోయింది. ఇంకా నెమలి లేదు, కలశం లేదు, ఏమీ లేదు. ఆ తడి గుడ్డ ముందు నిలబడితే నాకు లోపల చప్పుడు ఆగిపోయినట్టనిపించింది.

ఆగండి బాబాయ్ గారూ, ఇదేంటి అన్నా. ఆయ్, ఇదేం కాదండి, బ్యాక్‌గ్రౌండు అన్నారు. కుర్రతనంలో ఐదారేళ్ళు ఇదే చేశానండి, ఇది పని కింద లెక్కలోకి రాదండి.

ఆరు నెలలు నేను ఆ మనిషి చేతిలోంచి బ్యానర్ అలవాట్లని పీకేయాలని చూశా. ఆయనకి కావలసింది ఆ బ్యానర్లోనే వెనక భాగంలో, హీరో మొహం కింద పడి కనపడకుండా ఉండిపోయింది. మొహం వేయడం నేర్చుకోకముందు ఏళ్ళ తరబడి ఆయన వేసింది ఆకాశాలే. ఎవ్వరూ దాన్ని బొమ్మ అనలేదు కాబట్టి ఆయనా అనుకోలేదు, నేను అడగాల్సింది, అడగలేదు. ఇప్పుడు కొత్త స్టూడెంట్ వస్తే ముందు ఏ పని చేశారు అనే కాదు, ఆ పనిలో ఎవరూ చూడని భాగం ఏది మీరు చేసేవారు అని కూడా అడుగుతున్నా.

నిర్ణయాలు

అక్కడి నుంచి చకచకా కదిలింది. అక్రిలిక్ పూర్తిగా ఆపేసి ఆయిల్‌కి వచ్చాం, ఎందుకంటే ఆయన చేతికున్న ఆ జారుడు పనికి రంగు గంటల తరబడి పచ్చిగా ఉండాలి. ఇబ్బంది ఒకటుంది, టర్పెంటైన్ వాసన డయాలసిస్ గదిలోకి రాకూడదు. అందుకని జనవరికల్లా బొమ్మ పూర్తి చేసి, రెండు మూడు నెలలు ఇంట్లోనే ఆరబెట్టి, వాసన పూర్తిగా పోయాకే తగిలించాలని ముందే లెక్కేసుకున్నాం.

విషయం ఏది? జలపాతం లేదు, నిండు గోదారి లేదు, ఆ దాహం మాట మేం మర్చిపోలేదు. అసలు నీళ్ళే లేకుండా వేద్దామా అనుకున్నాం, కానీ ఈ ఊరివాళ్ళకి గోదారి లేని బొమ్మ ఎవరిదో ఊరి బొమ్మ అవుతుంది. చలికాలం పొద్దున్న, ఇసక తిన్నెలు తేలి ఉన్నప్పుడు, దూరంగా సన్నటి రేకులా మాత్రం నీళ్ళు, మిగతాదంతా మంచు, ఆకాశం. నాలుగు వంతుల్లో మూడు వంతులు ఆకాశమే, మంచం మీది చూపు పైభాగంలో ఆగుతుంది కాబట్టి అది కూడా కలిసొచ్చింది.

నవంబరు, డిసెంబరుల్లో నలభై పొద్దుటిపూటలు ఒకే రేవు, ఒకే మెట్టు, ఆరు నుంచి ఏడు దాకా. రోజుకో చోటు వద్దన్నా, ఎందుకంటే చోటు మారితే వస్తువులు చూస్తాం, చోటు మారకపోతే గాలి, వెలుగు చూస్తాం. 1821, 1822ల్లో జాన్ కాన్‌స్టబుల్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు లండన్ పక్కన హాంప్‌స్టెడ్‌లో ఆకాశాలు వేస్తూ అట్ట వెనక తేదీ, టైము, గాలి ఎటు వీస్తోందో రాసుకున్నాడని చెప్తే పెద్దాయనకి తెగ నచ్చింది. ఆయన అట్టల వెనక ఇలా ఉంటుంది: 'డిసెంబరు 9, ఆరుంబావు, గాలి లేదు, మంచు మోకాలి ఎత్తు, అవతలి ఒడ్డు లేదు'.

ఈ నలభై రోజుల్లో ఒక మంచి తప్పు దొరికింది. దూరంగా ఉన్నవి నీలంగా కనపడతాయని ఎక్కడో చదివి మంచులో చెట్లన్నీ నీలంగా వేస్తున్నారు, చూస్తే మంచులా లేదు, పొగలా ఉంది. ఎండలో దూరపు కొండ నీలంగా ఉండటానికి కారణం గాలి అణువులు నీలం వెలుగుని ఎక్కువ చెదరగొట్టడం. పొగమంచులో ఉండేవి నీటి బొట్లు, వాటి సైజు చాలా పెద్దది, అవి అన్ని రంగుల్నీ దాదాపు సమానంగా చెదరగొడతాయి, అందుకే మంచులో దూరం తెల్లబడుతుంది, నీలపడదు. ఇది చెప్పి ఊరుకోలేదు, మర్నాడు పొద్దున్న తెల్ల కాగితం ముక్క ఒకటి చేత్తో చాచి పట్టుకుని దూరపు చెట్ల పక్కన పోల్చి చూడమన్నా. కాగితం పక్కన పెడితే ఆ మంచు కొంచెం వెచ్చటి బూడిదే అని ఆయనే చెప్పారు. ట్యూబ్‌లైట్ కింద నీలం పాడవుతుందన్న భయం కూడా దాంతో తీరిపోయింది, బొమ్మంతా వెచ్చటి బూడిదలే.

నీళ్ళలో నీడల విషయం కూడా ఇంతే. ముదురు వస్తువు నీడ నీళ్ళలో కొంచెం లేతగా, లేత వస్తువు నీడ కొంచెం ముదురుగా పడుతుంది, అంటే నీళ్ళలో తేడాలు దగ్గరపడతాయి. ఆయన పాత అలవాటు ప్రకారం నీడకి నల్లరంగు తీస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాల్సొచ్చింది, రెండుసార్లే, తర్వాత అక్కర్లేకపోయింది.

పడవ ఉండాలా వద్దా అని మాత్రం వారం వాదించుకున్నాం. నేను వద్దన్నా, ఏది పెట్టినా కన్ను లాగుతుందని. ఆయన ఉండాలన్నారు. నాలుగు గంటలు చూసేవాళ్ళకి పట్టుకోడానికి ఒకటైనా ఉండాలి కదండీ, కాకపోతే వాళ్ళంతట వాళ్ళు వెతుక్కుంటే దొరికేలా పెడతానండి అన్నారు. ఆయన చెప్పిందే కరెక్ట్. ఎడమ పక్కన, బొటనవేలు గోరంత పడవ, చుట్టూ ఉన్న మంచు కంటే ఒక్క మెట్టు మాత్రమే ముదురు, ఒక అంచు పూర్తిగా మంచులో కలిపేశారు. పెద్ద ఆకాశం అంతా రెండు రోజుల్లో అయిపోయింది, ఆ పడవకి పదకొండు రోజులు పట్టింది. వేయడం, తుడవడం, మళ్ళీ వేయడం. చిటికెన వేలికి గుడ్డ చుట్టుకుని అంచుని చెరిపిన ఆ ఒక్క పని చూస్తే చాలు, ఔట్‌లైన్ మనిషి ఎంత దూరం వచ్చారో తెలుస్తుంది.

తగిలించాక

ఏప్రిల్‌లో తగిలించాం, గాజు లేకుండా, మెరుపు ఉంటే లైట్లు కనపడతాయని. స్టాఫ్ తడిగుడ్డతో తుడవకూడదని డాక్టరు గారే బోర్డు పెట్టించారు, మ్యాట్ వార్నిష్ ఆరు నెలలు గడిచాక వేస్తాం. దీంతో పేషెంట్లకి బీపీ తగ్గింది లాంటి మాటలు నేను చెప్పను, అలాంటివి కొలవడానికి మేం ఏమీ చేయలేదు. తెలిసింది ఇంతే: దించేయమని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. దాహం మాట చెప్పినాయన్ని ప్రత్యేకంగా అడిగాం, ఇది చూస్తే నోరు ఎండదండీ, పొద్దున్న లేచినట్టుంటుంది అన్నారు. ఒక కుర్రాడు మూడో వారంలో, అక్కా పడవ ఉందక్కా అని నర్సుని పిలిచి చూపించాడట, ఆ పక్క బెడ్డావిడ తనకి మొదటి రోజే తెలుసంది.

సరిచేయాల్సినవి ఉన్నాయి. కిటికీ పక్క బెడ్‌కి సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో కుడివైపు వెలుగు పడి బొమ్మ సగం తెల్లగా పోతోంది, కర్టెన్ మారుస్తామన్నారు, కాకపోతే బొమ్మనే ఒక అడుగు ఎడమకి జరపాలి. ఇసక తిన్నె కుడి చివర ఒక గీత ఇంకా కొంచెం పదునుగా ఉందని పెద్దాయనకి బాధ, వార్నిష్ వేసేలోపు దాన్ని మెత్తబరుస్తానంటున్నారు, నాకైతే కనపడటం లేదు.

ఆసుపత్రివాళ్ళు ఆడవాళ్ళ వార్డుకి ఇంకోటి అడిగారు. ఈసారి రెల్లు పూసిన లంక. రెల్లు ఆశ్వయుజంలో గానీ పూయదు, అందాకా ఊరికే ఉండలేక ఆయన రోజూ పొద్దున్న అదే మెట్టు మీద కూర్చుని ఆకాశాలు వేస్తున్నారు. నిన్న పంపిన అట్ట వెనక ఉంది: 'ఐదూ యాభై, పడమట గాలి, ఏమీ లేదు, బాగుంది'.